సింద్రీ: జిప్సంతో దేశానికి అన్నం పెట్టిన కర్మాగారం

1943 బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసింది. తిండిగింజలు పెరగాలంటే ఎరువులు మన దేశంలోనే తయారు కావాలని అప్పుడు గట్టిగా అనిపించింది. ఆ ఆలోచన ధన్‌బాద్ దగ్గర, దామోదర్ నది ఒడ్డున సింద్రీలో కర్మాగారమై నిలిచింది. 1951 అక్టోబర్ 31న ఉత్పత్తి మొదలైంది. 1952 మార్చి 2న ప్రధాని నెహ్రూ దాన్ని జాతికి అంకితం చేశారు. డెబ్బై అయిదేళ్ల ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అక్కడ కాల్షియం చేసిన ప్రయాణం.

అమ్మోనియం సల్ఫేట్ తయారీకి మామూలుగా గంధకామ్లం కావాలి. దానికి గంధకం కావాలి. మనకు గంధకపు గనులు లేవు కానీ జిప్సం ఉంది. జిప్సం అంటే నీటితో కూడిన కాల్షియం సల్ఫేట్. అందులోని సల్ఫేట్‌నే వాడుకుందామని సింద్రీ నిర్మాతలు నిశ్చయించారు. మొదట పంజాబ్‌లోని ఖేవ్‌రా జిప్సం మీద ఆశ పెట్టుకున్నారు. 1947 విభజనతో అది పాకిస్తాన్‌కు పోయింది. దాంతో బికనీర్ దగ్గరి జామ్‌సర్ నుంచి, వెయ్యి కిలోమీటర్లకు పైగా రైళ్లలో జిప్సం తెప్పించుకున్నారు.

బొగ్గు నుంచి కోక్, కోక్ నుంచి వాయువు, ఆ వాయువు నుంచి అమ్మోనియా తీసేవారు. అదే వాయువును శుద్ధి చేసేటప్పుడు విడివడే కార్బన్ డయాక్సైడ్‌ను అమ్మోనియాతో కలిపితే అమ్మోనియం కార్బొనేట్ ద్రావణం వచ్చేది. అందులో మెత్తగా నూరిన జిప్సం వేసి కలియబెట్టేవారు. కాల్షియం సల్ఫేట్ కన్నా కాల్షియం కార్బొనేట్ నీటిలో చాలా తక్కువ కరుగుతుంది. అందుకే అది సుద్దగా అడుగుకు దిగిపోయి, అమ్మోనియం సల్ఫేట్ ద్రావణంలో మిగిలేది. వడకట్టి ఇగిరిస్తే తెల్లని ఎరువు పలుకులు తయారయ్యేవి.

రోజుకు 1,000 టన్నుల ఎరువు తయారు చేసే సామర్థ్యం ఆ కర్మాగారానిది. రసాయన సమీకరణం లెక్కన దానికి దాదాపు 1,300 టన్నుల శుద్ధ జిప్సం కావాలి, 760 టన్నుల సుద్ద మిగులుతుంది. ఆ సుద్ద ఏసీసీ వారి సింద్రీ సిమెంటు కర్మాగారానికి ముడిసరుకైంది. సున్నపురాయి తవ్వే పని అంతమేర తగ్గింది.

తర్వాత యూరియా కాలం వచ్చింది. 2002లో పాత కర్మాగారం మూతపడింది. 2024 మార్చి 1న అక్కడే కొత్త యూరియా ప్లాంటును జాతికి అంకితం చేశారు. జిప్సం పని మాత్రం తీరలేదు. ఊడలు దిగే దశలో మన వేరుశనగ రైతు ఎకరాకు 200 కిలోలు వేస్తాడు. చౌడు నేలను బాగుచేయడానికీ అదే కావాలి. విశాఖపట్నంలో ఫాస్ఫేట్ ఎరువుల తయారీలో జిప్సం ఉపఉత్పత్తిగా వస్తూనే ఉంది. దాన్ని గుట్టలుగా వదిలేయకుండా పొలానికో సిమెంటుకో చేర్చే ప్రతి ఇంజనీరూ సింద్రీ తొలితరం కార్మికులకు వారసుడే. వారికి మనం చెల్లించగల నిజమైన గౌరవం ఆ పద్ధతిని కొనసాగించడమే.