గోడలోని తీగ ఎవరిది?

న్యూయార్క్‌లోని వెస్ట్ 105వ వీధిలో ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటును 1971లో జీన్ లొరెట్టో కొన్నారు. డాబా మీద కేబుల్ టీవీ తీగ ఉన్న సంగతి కొన్నాక గానీ ఆమెకు తెలియలేదు. అరంగుళం మందం కూడా లేని తీగ. పొడవు దాదాపు 30 అడుగులు. పాత యజమాని అనుమతితో టెలిప్రాంప్టర్ అనే కేబుల్ కంపెనీ దాన్ని వేసింది. మొదట్లో అది పక్క భవనాలకు సిగ్నల్ మోసేది. తర్వాత ఈ భవనంలో అద్దెకున్నవాళ్లకూ కనెక్షన్ ఇచ్చారు. కేబుల్ వేస్తామంటే ఇంటి యజమాని అడ్డు చెప్పకూడదని 1973 నుంచి రాష్ట్ర చట్టం. దానికి పరిహారంగా రాష్ట్ర కమిషన్ ఖరారు చేసింది ఒక్క డాలరు.

లొరెట్టో కోర్టుకెక్కారు. తీగ ఎంత సన్నదైనా ఒకరి ఆస్తి మీద శాశ్వతంగా తిష్ఠ వేస్తే అది ఆక్రమణేనని, పరిహారం చెల్లించాల్సిందేనని 1982లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో తేల్చింది. పరిహారం ఎంతన్న ప్రశ్న మళ్లీ న్యూయార్క్‌కే వచ్చింది. అక్కడి అత్యున్నత న్యాయస్థానం 1983లో కమిషన్ పద్ధతినే నిలబెట్టింది. లొరెట్టోకు చేతికందింది పెద్దగా ఏమీ లేకపోయినా, ఆ తీర్పు మాత్రం అక్కడితో ఆగలేదు. కాండోల్లో, అంటే సొంత ఫ్లాట్లుండే ఉమ్మడి భవనాల్లో, ఉంటూ శాటిలైట్ టీవీ డిష్ పెట్టుకోవాలనుకున్న లక్షల కుటుంబాలకు అదే తర్వాత అడ్డుగోడ అయింది.

ఒక యాంటెన్నా నుంచి తీగ లాగి నలుగురికీ టీవీ చూపించడం అమెరికాలో 1948 నాటి ముచ్చట. ఓరెగన్ రాష్ట్రంలోని ఆస్టోరియాలో రేడియో స్టేషన్ నడిపే ఎడ్ పార్సన్స్‌ను భార్య గ్రేస్ టీవీ కావాలని అడిగింది. దగ్గర్లో ప్రసార కేంద్రమే లేదు. సియాటిల్‌లో ఉన్నది సుమారు 125 మైళ్ల దూరం. వెతగ్గా వెతగ్గా హోటల్ ఆస్టోరియా పైకప్పు మీద సిగ్నల్ దొరికింది. అక్కడ యాంటెన్నా బిగించి, వీధికి ఇవతల ఉన్న తన ఫ్లాటులోకి కోయాక్సియల్ కేబుల్ లాగాడు పార్సన్స్. ఊరి జనం వచ్చి ఆ గదిలో తిష్ఠ వేయడంతో, హోటల్ లాబీకి ఇంకో తీగ లాగి వాళ్లను అటు పంపాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే ఫిలడెల్ఫియాలో మిల్టన్ షాప్ జెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ పెట్టి, భవనం మొత్తానికి ఒకే యాంటెన్నా సరిపోయే సామగ్రి తయారు చేశాడు. ఆయనే తర్వాత పెన్సిల్వేనియా గవర్నరయ్యాడు.

కాండో అన్న ఏర్పాటు అమెరికా చట్టాల్లోకి వచ్చింది ఆ తర్వాత పదేళ్లకు: 1958లో ప్యూర్టోరికోలో, 1960లో యూటాలో. 1961లో ఫెడరల్ ప్రభుత్వం కాండో రుణాలకు బీమా ఇవ్వడంతో ఊపందుకుంది. ఫ్లాటు లోపల మీ సొంతం. పైకప్పు, బయటి గోడలు, మెట్లు, వసారాలు అందరివీ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో ‘కామన్ ఏరియా’ గొడవ విన్నవారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

కేబుల్ తీగలు ఈ ఉమ్మడి గోడల్లోంచే పాకాయి. కొన్ని భవనాల్లో తీగ ఒక ఫ్లాటులోంచి పక్క ఫ్లాటుకు, అక్కడి నుంచి పై ఫ్లాటుకు గొలుసులా సాగేది. మరికొన్నింట్లో మెట్ల దగ్గరి పెట్టె నుంచి ప్రతి ఫ్లాటుకూ విడి తీగ వెళ్లేది. దీన్ని ‘హోమ్ రన్’ అంటారు. కేబుల్ ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టలేదు. డిష్ వచ్చాక గొలుసు తీగ ఉన్నవాళ్ల దారి మూసుకుపోయింది.

అప్పటిదాకా ఇళ్లలో వాడే శాటిలైట్ డిష్‌లు చాలావరకు పది అడుగుల దాకా వెడల్పుండేవి. ఫ్లాటులో ఉండేవాళ్లు వాటి ఊసే ఎత్తలేదు. 1994 జూన్ 17న మిసిసిపీలోని జాక్సన్‌లో డైరెక్‌టీవీ అనే శాటిలైట్ టీవీ కంపెనీ అమ్మకాలు మొదలుపెట్టింది. డిష్ వెడల్పు 18 అంగుళాలే. బాల్కనీ మూలలో పడుతుంది. అసోసియేషన్లు మాత్రం అందం చెడుతుందంటూ నిషేధాలు రాసుకున్నాయి. 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం ఆధారంగా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, ఆ నిషేధాలు చెల్లవంది. మీటరుకు మించని డిష్‌ను, సొంతదారు తనకే ప్రత్యేకించిన చోట పెట్టుకోవచ్చు. 1999 నుంచి అద్దెకున్నవాళ్లకూ ఈ హక్కు దక్కింది.

పైకప్పు మీద పెట్టుకునే హక్కు మాత్రం దక్కలేదు. ఉమ్మడి స్థలంలో డిష్‌కు చోటివ్వమంటే అది లొరెట్టో తీర్పు చెప్పిన ఆక్రమణే అవుతుందని కమిషన్ వెనక్కి తగ్గింది.  ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీదుగా ఉంటాయి కాబట్టి అమెరికాలో డిష్ దక్షిణాకాశం వైపు చూడాలి. ఉత్తరం వైపు బాల్కనీ ఉన్న కుటుంబానికి చట్టం ఇచ్చిన హక్కు కాగితం మీదే మిగిలింది. ఫ్లాటు ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదాన్ని బట్టి హక్కు ఉండటం, పోవటం ఏ రకంగానూ న్యాయం కాదు.

దక్షిణం వైపు బాల్కనీ ఉన్నా మరో చిక్కు. బయటి గోడ ఉమ్మడిది, కాబట్టి కన్నం వేయకూడదు. మెకానిక్‌లు దీనికో ఉపాయం కనిపెట్టారు. రిబ్బనులా పలచగా ఉండే తీగ ముక్కను బాల్కనీ తలుపు సందులోంచి లోపలికి తెచ్చి, హాల్లోని కేబుల్ సాకెట్టుకు బిగించేవారు. అల్మరాలో ఉన్న, సిగ్నల్‌ను గదులకు పంచే కేబుల్ కంపెనీ స్ప్లిటర్ దగ్గర హాలు తీగను, పడగ్గది తీగను విప్పి, వేలి కణుపంత జాయింటుతో ఎదురెదురుగా కలిపేవారు. ఇన్నేళ్లూ అల్మరా నుంచి హాల్లోకి వచ్చిన సిగ్నల్ ఇప్పుడు హాల్లోంచి అల్మరాకు ఎదురు నడిచి, అక్కడి నుంచి పడగ్గదికి చేరేది. గోడ మీద సుత్తి దెబ్బ పడకుండానే పని ముగిసేది.

ఆ స్ప్లిటర్‌ను తప్పించడానికి కారణముంది. కేబుల్ సిగ్నల్ వెయ్యి మెగాహెర్ట్జ్ లోపే ఉండేది. డిష్ నుంచి దిగే సిగ్నల్ 950 దగ్గర మొదలై, తర్వాతి తరాల్లో 2150 దాకా వెళ్లింది. పాత స్ప్లిటర్ దాన్ని మింగేస్తుంది. పాతకాలపు ఆర్‌జీ-59 తీగలోనూ అంత ఎత్తు సిగ్నల్ త్వరగా నీరసిస్తుంది. దూరం తక్కువైతే నెట్టుకొస్తుంది, లేదంటే ఆర్‌జీ-6 వేయాల్సిందే. అసలు పేచీ కరెంటుతో. రిసీవర్ అదే తీగలో డిష్‌కు 13 లేదా 18 వోల్టులు పంపి, ఏ వర్గం చానళ్లు కావాలో చెబుతుంది. ఒకే తీగకు రెండు రిసీవర్లు తగిలిస్తే ఒకే ఎద్దును ఇద్దరు చెరో దిక్కుకు తోలినట్టే. గొలుసు తీగ పనికిరాకపోవడానికీ ఇదే కారణం. డిష్ సిగ్నల్‌ను రిసీవర్లకు విడివిడిగా పంచే మల్టీస్విచ్ పెట్టి ఒక్కో రిసీవర్‌కు ఒక్కో తీగ వేయడమే అప్పటి విరుగుడు. ఒక్క తీగలోనే చాలా ట్యూనర్లను నడిపే స్విచ్ డైరెక్‌టీవీకి 2000ల చివర్లో గానీ రాలేదు.

ఇంతకీ గోడలోని ఆ తీగ ఎవరిది? వేసింది కేబుల్ కంపెనీ. కనెక్షన్ మానేసినవాళ్లు తమ ఇంటి లోపలి తీగను కొనుక్కోవచ్చని 1992 కేబుల్ చట్టం దారి తెరిచింది. ఫ్లాటు గోడకు దాదాపు 12 అంగుళాల బయటి దాకా ఉన్నది ఇంటి తీగేనని ఎఫ్‌సీసీ చెప్పింది. అక్కడి నుంచి మెట్ల పెట్టె దాకా ఉన్న హోమ్ రన్ సంగతి 1997లో తేల్చారు. భవనంలో ఉండే హక్కు పోయిన కంపెనీకి యజమాని 90 రోజుల నోటీసిస్తే, అది తీగను అమ్మాలి, పీక్కుపోవాలి, లేదా వదిలేయాలి. ఆ 12 అంగుళాల చోటు జిప్సం పలక వెనక ఉంటే పగలగొట్టక తప్పదు కదా? అలాంటప్పుడు సరిహద్దు తేలిగ్గా చెయ్యి అందే చోటికి జరుగుతుందని 2007లో చెప్పారు. ఏదో ఒక కంపెనీకే భవనాన్ని రాసిచ్చే కేబుల్ ఒప్పందాలనూ ఆ ఏడాదే నిషేధించారు. వాడుకరి పక్షాన ఎఫ్‌సీసీ చేసిన మేలైన పనుల్లో ఇదొకటి.

ఆ ఏళ్లలోనే అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఈ చిక్కుల్లో పడ్డాయి. డిష్ నెట్‌వర్క్ అనే మరో శాటిలైట్ కంపెనీ ఇచ్చే తెలుగు చానళ్లు ఇంగ్లిష్ చానళ్లున్న ఉపగ్రహంలో ఉండేవి కావు. వాటికి వేరే డిష్ లేదా పెద్ద డిష్ కావాల్సి వచ్చేది. ఆ ఉపగ్రహం బాల్కనీకి కనబడకపోతే పండగ ప్రసారాలు లేనట్టే. 2006లో మొదలైన యప్‌టీవీ లాంటి సంస్థలు తెలుగు చానళ్లను ఇంటర్నెట్‌లోకి తెచ్చాక డిష్ అవసరం తగ్గుతూ వచ్చింది. చాలా ఇళ్లలో అదే కోయాక్సియల్ తీగ ఇప్పుడు మోకా అడాప్టర్లతో గది నుంచి గదికి ఇంటర్నెట్‌ను మోస్తోంది. మోకా పౌనఃపున్యాలు డిష్ వాటితో ఢీకొంటాయి కాబట్టి, అది పెట్టే ముందు బాల్కనీ నుంచి వచ్చే తీగను విప్పి పక్కన పెట్టాల్సి ఉంటుంది.