పాత పెట్రోల్ కారును ఇంట్లోనే ఎలక్ట్రిక్‌గా మార్చేయొచ్చా? ఆటోనగర్ వెళ్లే ముందు ఇవి చూసుకోండి

విజయవాడ: ఇంటి ముందు పాత మారుతి 800 దుమ్ము పట్టి ఉంది. బాడీ బాగానే ఉంది, ఇంజినే మొరాయిస్తోంది. యూట్యూబ్ తెరిస్తే చాలు, 'పది రోజుల్లో పెట్రోల్ కారును ఎలక్ట్రిక్ చేశాం' అనే వీడియోలు వరుసగా వస్తాయి. లేత్ మిషన్ నుంచి వెల్డింగ్ దాకా అన్నీ దొరికే జవహర్ ఆటోనగర్ పక్కనే ఉండగా మనమెందుకు చేయలేం అని బెజవాడ వాళ్లకు అనిపించడం సహజమే.

చేయొచ్చు. కారు కదులుతుంది కూడా. కానీ ఆ కారును బందర్ రోడ్డు మీదకు తీసుకురావచ్చా అంటే, ఇంట్లో సొంతంగా చేసిన మార్పుతో కుదరదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని సొంతంగా మార్చకూడదు. ఇంధనం రకం మారిస్తే ఆ వివరమే మారిపోతుంది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

అలాగని దారి పూర్తిగా మూసేయలేదు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు బిగించుకున్నట్టే ఎలక్ట్రిక్ కిట్ కూడా బిగించుకోవచ్చు. దానికి ఏఐఎస్-123 అనే ప్రమాణం ఉంది. అందులో మూడో భాగం పెట్రోల్, డీజిల్ బండ్లను పూర్తి ఎలక్ట్రిక్‌గా మార్చే కిట్ల గురించే. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు కిట్‌ను పరీక్షించి ఆమోదిస్తాయి. ఆమోదం కూడా ఏ మోడల్ కార్లకో చెప్పి ఇస్తారు. ఆల్టోకు ఆమోదం వచ్చిన కిట్‌ను శాంత్రోకు బిగిస్తే చెల్లదు. బిగించేది కూడా కిట్ కంపెనీ అధికారం ఇచ్చిన వర్క్‌షాపే అయి ఉండాలి.

ఈ విషయంలో ముందడుగు వేసింది తెలుగు నేల మీది కంపెనీయే. హైదరాబాద్‌కు చెందిన ఈ-ట్రియో 2019లో మారుతి ఆల్టో, డిజైర్ కార్ల కిట్లకు ఏఆర్ఏఐ ఆమోదం తెచ్చుకుంది. కార్లను ఎలక్ట్రిక్‌గా మార్చడానికి దేశంలో ఈ ఆమోదం పొందిన తొలి కంపెనీగా అప్పట్లో వార్తల్లో నిలిచింది. తర్వాత అదే కంపెనీ సరుకు రవాణా చేసే ఎలక్ట్రిక్ ఆటోల వైపు మళ్లింది. లెక్క ఎక్కడ గిట్టుబాటు అవుతుందో ఆ మలుపే చెబుతోంది. రోజంతా తిరిగే బండికి కరెంటు లాభం త్వరగా కనిపిస్తుంది. వారానికి రెండుసార్లు బయటికి తీసే కారుకు కనిపించదు. తెలంగాణ ప్రభుత్వం 2020 ఈవీ పాలసీలో మార్పిడికి ప్రోత్సాహకం ఇచ్చింది కూడా కార్లకు కాదు. తొలి 5,000 ఆటోలకు ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15,000 రూపాయలు ఇస్తామని ప్రకటించింది.

బానెట్ కింద ఏం మారుతుంది?

ఇంజిన్, రేడియేటర్, సైలెన్సర్, పెట్రోల్ ట్యాంక్ బయటికి వస్తాయి. మోటారు, దాన్ని నడిపే కంట్రోలర్, బ్యాటరీ ప్యాక్, ఛార్జర్, బ్యాటరీపై కన్నేసి ఉంచే బీఎంఎస్ లోపలికి వెళ్తాయి. హెడ్‌లైట్లు, హారన్, వైపర్లకు పాత 12 ఓల్టుల కరెంటే కావాలి కాబట్టి పెద్ద బ్యాటరీ నుంచి దాన్ని తగ్గించి ఇచ్చే కన్వర్టర్ కూడా ఉండాలి.

గేర్‌బాక్స్‌ను చాలామంది అలాగే ఉంచుతారు. మోటారును దానికి కలపడానికి ఒక అడాప్టర్ ప్లేటు, ఒక కప్లింగ్ లేత్ మీద తయారు చేయించాలి. ఆటోనగర్‌లో ఈ పని చేసే చేతులకు కొదవ లేదు. అయితే రెండు షాఫ్టుల మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా మొదట వణుకు, తర్వాత బేరింగ్ అరుగుదల, చివరికి షాఫ్టే విరగడం. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చూపించరు.

ఇంకోటి బ్రేకులు. బూస్టర్ ఉన్న కార్లలో బ్రేక్ పెడల్ తేలిగ్గా దిగేది ఇంజిన్ ఇచ్చే వాక్యూమ్ వల్లే. ఇంజిన్ తీసేస్తే ఆ వాక్యూమ్ పోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు పెట్టకుండా అలాంటి కారును ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద దింపితే ఏమవుతుందో ఊహించుకోండి. ఏసీ కూడా అంతే. పాత కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతో తిరిగేది కాబట్టి కొత్తది కొనాలి.

ఇక బ్యాటరీ లెక్క చూద్దాం. మారుతి 800 ఇంజిన్ సత్తా 37 హార్స్‌పవర్, అంటే దాదాపు 27 కిలోవాట్లు. ఊళ్లో తిరగడానికి 15 కిలోవాట్ల మోటారు సరిపోతుంది. 3.2 ఓల్టులు, 150 ఆంపియర్ అవర్ల ఎల్ఎఫ్‌పీ సెల్స్ 24 వరుసగా కలిపితే 76.8 ఓల్టులు, సుమారు 11.5 కిలోవాట్ అవర్ల ప్యాక్ అవుతుంది. పెట్టెతో కలిపి బరువు 90 కిలోల దాకా ఉంటుంది. చిన్న కారు కిలోమీటరుకు 110 వాట్ అవర్లు తాగుతుందనుకుంటే, బ్యాటరీని పూర్తిగా పిండేయకుండా 90 కిలోమీటర్లు వస్తుంది. ఏసీ వేస్తే ఇంకా తగ్గుతుంది. గుంటూరు వెళ్లి రావొచ్చు. మచిలీపట్నం వెళ్తే మాత్రం అక్కడ ఛార్జింగ్ పెట్టకుండా తిరిగి రాలేరు.

ఇదే ప్యాక్ నుంచి 15 కిలోవాట్లు లాగినప్పుడు వైర్లలో పారే కరెంటు దాదాపు 195 ఆంపియర్లు. ఇంట్లో గీజర్ ప్లగ్గు 15 ఆంపియర్లదని గుర్తు పెట్టుకుంటే తేడా అర్థమవుతుంది. పైగా ఇది డీసీ. 60 ఓల్టులు దాటిన డీసీని ప్రమాదకరమైనదిగానే లెక్కిస్తారు. ఏసీ కరెంటులా ఇది క్షణక్షణం సున్నాకు రాదు కాబట్టి మెరుపు పుడితే ఆరకుండా కొనసాగుతుంది. ఇంటి బోర్డులో వాడే మామూలు ఎంసీబీలు దీన్ని ఆపలేవు. డీసీకి తగిన ఫ్యూజులు, కాంటాక్టర్లు, చేత్తో లాగి సప్లై తెంపేసే స్విచ్ తప్పనిసరి.

సూర్యారావుపేట ఘటన మరవొద్దు

బ్యాటరీతో ఆటలు వద్దని ఈ నగరానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో సూర్యారావుపేట పరిధిలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని ప్రాణాలు కోల్పోయారు. భార్యాపిల్లలు గాయపడ్డారు. అదే నెలలో నిజామాబాద్‌లోనూ స్కూటర్ బ్యాటరీ పేలి ఓ వృద్ధుడు చనిపోయారు. ఇలాంటి వరుస ఘటనల తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. టూవీలర్లకు ఏఐఎస్-156, కార్లకు ఏఐఎస్-038 సవరణలు వచ్చాయి.

అవి కంపెనీలో తయారైన బ్యాటరీలు. కారు ప్యాక్ వాటికి నాలుగైదు రెట్లు పెద్దది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సెకండ్ హ్యాండ్ సెల్స్ తెచ్చి వరండాలో కలిపేస్తే ఏ సెల్ ఎంత బలహీనంగా ఉందో పైకి తెలియదు. వరుసలో ఒక్క సెల్ మిగతావాటి కంటే ముందే నిండిపోయినా, సరైన బీఎంఎస్ లేకపోతే ఛార్జర్ ఆగదు. ఎల్ఎఫ్‌పీ రకం మిగతా లిథియం రకాల కంటే వేడిని బాగా తట్టుకుంటుంది. అంటుకోదని మాత్రం కాదు. మే నెలలో 45 డిగ్రీల ఎండలో నిలిపిన కారును తీసుకొచ్చి వెంటనే ఛార్జింగ్ పెట్టకుండా కాసేపు చల్లారనివ్వడం మంచిది.

వరద వస్తే?

కృష్ణా డెల్టాలో ఉంటూ ఈ ప్రశ్న వేసుకోకపోతే ఎలా? 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కాలనీల్లో కార్లు పైకప్పు దాకా మునిగాయి.

బ్యాటరీ పెట్టె మీద ఐపీ67 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు రాదని అర్థం. అరగంటే, మూడు రోజులు కాదు. వెల్డింగ్ షాపులో చేయించిన రేకు పెట్టెకైతే ఆ అరగంట గ్యారంటీ కూడా ఉండదు. మునిగిన ఎలక్ట్రిక్ కారును స్టార్ట్ చేయడం, ఛార్జింగ్ పెట్టడం రెండూ ప్రమాదమే. లోపల బురద నీరు చేరితే రోజుల తర్వాత కూడా షార్ట్ అయి మంటలు రావొచ్చు. దాన్ని ఇంటికి, ఇతర వాహనాలకు దూరంగా ఉంచి తెలిసినవాళ్లకే అప్పగించాలి.

డబ్బు లెక్క

ఆమోదం ఉన్న కిట్‌తో మార్పిడికి సాధారణంగా 4 నుంచి 6 లక్షల దాకా అవుతుంది. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే కారు నెలకు 900 కిలోమీటర్లు నడుస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్ల మైలేజీ, పెట్రోల్ 110 రూపాయలు అనుకుంటే నెల ఖర్చు 6,600. అదే కరెంటు మీద ఛార్జింగ్ నష్టాలతో కలిపి 120 యూనిట్ల దాకా పడుతుంది. ఇంట్లో ఇప్పటికే నెలకు 200 యూనిట్లు వాడుతుంటే ఈ అదనం 6 రూపాయల శ్లాబు దాటి 8.75 రూపాయల శ్లాబులోకి వెళ్తుంది. మొత్తం సుమారు వెయ్యి రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు వేరే.

అంటే ఏడాదికి 67,000 దాకా మిగులు. 5 లక్షలు పెడితే అవి తిరిగి రావడానికి ఏడేళ్లు దాటుతుంది. ఈలోపు కారు 15 ఏళ్లు నిండినదైతే ఫిట్‌నెస్ పరీక్ష, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉండనే ఉన్నాయి. తుప్పు పట్టిన బాడీకి ఇది దండగ ఖర్చే. బాడీ గట్టిగా ఉండి, రోజుకు 60-70 కిలోమీటర్లు తిరిగే కారైతే ఆలోచించొచ్చు. నాన్న కొన్న మొదటి కారు అనే మమకారంతో చేయించుకునేవాళ్లకు ఈ లెక్కలు అక్కర్లేదనుకోండి.

కాగితాల పని

డబ్బు కట్టే ముందు కిట్ ఆమోద పత్రం చూపించమనండి. అందులో మీ కారు మోడల్ పేరు లేకపోతే అక్కడితో మాట ఆపేయండి. ముందుగా ఆర్టీఏ అనుమతి తీసుకుని, మార్పు జరిగిన 14 రోజుల్లోగా తెలియజేయాలి. అధికారులు బండిని చూశాక ఆర్‌సీలో ఇంధనం 'ఎలక్ట్రిక్' అని మారుతుంది. బీమా కంపెనీకి కూడా చెప్పి పాలసీ మార్పించుకోవాలి. చెప్పకుండా నడిపితే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు అదొక్కటి చాలు. ఇవన్నీ పూర్తయ్యాకే తెల్ల నంబర్ ప్లేటు తీసి, తెల్ల అక్షరాలున్న ఆకుపచ్చ ప్లేటు బిగించుకోవాలి.