కాషాయం కట్టని ఆశ్రమవాసులు

గోదావరి తీరపు బౌద్ధం అనగానే మన చరిత్ర పుస్తకాలు స్తూపాన్ని, భిక్షువును, దానమిచ్చిన గృహపతిని చూపిస్తాయి. విహారంలోనే ఉంటూ, పనిచేస్తూ, చదువుకుంటూ కాషాయం మాత్రం కట్టని మనిషి వాటిలో ఎక్కడా కనిపించడు. అందుకే నేటి ధ్యానకేంద్రాల్లో సేవకులను చూసి ఇదేదో ఈ కాలపు ఏర్పాటు అనుకుంటాం. భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకం మరో సంగతి చెబుతుంది. భిక్షువు మట్టి తవ్వకూడదు, పచ్చని కొమ్మ విరవకూడదు, వెండి బంగారాలు తీసుకోకూడదు, మిగిలిన అన్నం మర్నాటికి దాచుకుని తినకూడదు. ఇన్ని నిషేధాల మధ్య బావి ఎవరు తవ్వాలి? బియ్యం ఎవరు కొనాలి, ఎవరు వండాలి? పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో 1970లలో జరిగిన తవ్వకాల్లో మట్టికోట, దాని వెలుపల స్తూపం, నాగరాజు ముచలిందుణ్ణి చెక్కిన సున్నపురాతి ఫలకం బయటపడ్డాయి. ఆ స్తూపం దగ్గర వానాకాలపు వర్షావాసం గడిపిన భిక్షువులకు గృహస్థుల చేతుల సాయం తప్పనిసరి. పాలి గ్రంథాలు వాళ్లను ఆరామికులనీ కప్పియకారకులనీ పిలుస్తాయి. ధూళికట్టలో వాళ్ల ఆనవాలు దొరకలేదనడం నిజమే. కానీ రాతి మీద దాత పేరు చెక్కించుకుంటాడు, వంటమనిషి చెక్కించుకోడు. శాసనంలో లేనంత మాత్రాన మనుషులే లేరనుకోలేం.

పనితోపాటు చదువు కూడా ఉండేదా అన్నది అసలు ప్రశ్న. గురువు దగ్గర ఉండి చదువుకునే అలవాటు ఈ నేలకు బౌద్ధం కంటే ముందే ఉందని పాలి బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలోని బావరి కథ సూచిస్తుంది. అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఏరుకున్న గింజలతో, పండ్లతో బతికిన ఈ బ్రాహ్మణుడు పదహారుగురు శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లు పైఠాన్, ఉజ్జయినిల మీదుగా మగధ దాకా నడిచారు. ఆ ఆశ్రమం పాత ఆదిలాబాద్ జిల్లా ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి దీవిలోదేనని తెలుగు చరిత్రకారులు కొందరు గుర్తించారు. ఈ కథను నమ్మవచ్చా అని అడిగేవాళ్లకు గట్టి కారణమే ఉంది. శిష్యుల ప్రశ్నలకు వ్యాఖ్య రాసిన చూళనిద్దేసం, బావరిని పరిచయం చేసే గాథలను ముట్టుకోదు. అంటే అవి తర్వాత చేరినవి కావచ్చు. అయినా నా వాదనకు లోటు లేదు. ఆ గాథలు అల్లినవాళ్లకు గోదావరి తీరం అనగానే గురువు చుట్టూ శిష్యులున్న ఆశ్రమం తోచింది. బావరి ఒక్కడు కల్పితుడైనా, ఆ జీవన పద్ధతి విన్నవాళ్లకు తెలిసినదై ఉండాలి.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది. ఆరామికులు స్వచ్ఛందంగా వచ్చినవాళ్లేనా? పిలిందవచ్ఛ థేరుడికి మగధ రాజు బింబిసారుడు అయిదు వందల మందిని ఇచ్చాడని, వాళ్లతో ఒక ఊరే వెలసిందని వినయం చెబుతుంది. రాజు ఇచ్చిన మనిషికి ఇష్టాయిష్టాలు ఎక్కడివి? వాళ్లందరినీ సేవాభావం కలిగినవాళ్లుగా చూపడం ఆ శ్రమకు అన్యాయమే. అయితే మరో రకం వాళ్లూ ఉన్నారు. 7వ శతాబ్దం చివర నలందాలో పదేళ్లు చదివిన చైనా భిక్షువు ఇత్సింగ్ వాళ్లను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. తెల్లబట్టలతో విహారంలో ఉంటూ, ముందుముందు సన్యసించాలని బౌద్ధ గ్రంథాలు చదివేవాళ్లు మాణవులు. సన్యసించే ఉద్దేశం లేక లౌకిక విద్య నేర్చుకునేవాళ్లు బ్రహ్మచారులు. వీళ్ల తిండి ఖర్చు వీళ్లదే. సంఘం ఆస్తి నుంచి పెట్టకూడదు, సంఘానికి కష్టపడి పనిచేసి ఉంటే మాత్రం దానికి తగ్గట్టు పెట్టవచ్చు. శ్రమకూ చదువుకూ అన్నానికీ మధ్య ఇంత స్పష్టమైన లెక్క కుదిరిందంటే అది ఒకరిద్దరి కోసం పెట్టిన నియమం కాదు. నలంద నియమం ధూళికట్టలోనూ ఉండేదని నేననను. కాలంలోనూ స్థాయిలోనూ తేడా పెద్దది. ఆ నియమానికి కారణమైన వినయం మాత్రం రెండుచోట్లా ఉంది.

ఆ లెక్క ఇప్పుడు మారింది. గోయెంకా విపశ్యన ధ్యాన సంప్రదాయంలో 1976లో హైదరాబాద్‌లో మొదలైన ధమ్మఖేత్త కేంద్రంలోను, అస్సకుల రాజధానిగా చాలామంది భావించే బోధన్‌కు దగ్గర్లో పోచారంలో ఉన్న ధమ్మనిజ్ఝానలోను శిబిరానికి గానీ తిండికి గానీ రుసుము లేదు. వండి వడ్డించే సేవకులకు జీతమూ లేదు. పది రోజుల శిబిరం పూర్తిచేసినవాళ్లే సేవకు అర్హులు, సేవలో ఉన్నన్నాళ్లూ రోజూ మూడు గంటలు ధ్యానంలో కూర్చోవాలి. ఇత్సింగ్ చూసిన విద్యార్థికి పని అన్నానికి బదులు. ఇక్కడ పనే సాధనలో భాగం, రాజు ఇచ్చిన మనిషికి ఇందులో చోటే లేదు.