వేలిముద్ర కూడా ఉత్తరమే

సంక్రాంతి వస్తోందంటే మన ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేది అటకే కదండీ. పోయిన ధనుర్మాసంలో మా అత్తగారి పెద్దమ్మ ఇల్లు దులపడానికి సాయం వెళ్ళాను. కావలి దాటి సముద్రం వైపు పోతే బకింగ్‌హాం కాలువ పక్కన, సరుగుడు తోటల మధ్య ఉన్న పల్లె వాళ్ళది. ఆమెను మేమందరం అవ్వా అనే పిలుస్తాం. వాళ్ళాయన మిలటరీలో చేసి వచ్చి, కొన్నేళ్ళ కిందట కాలం చేశాడు.

అటక మీది నుంచి ఇత్తడి గంగాళాలు, జాడీలు, చివరికి ఒక నల్ల ట్రంకు పెట్టె దిగాయి. పెట్టెలో కొక్కెం తీగకు గుచ్చిన ఉత్తరాల కట్ట. పాతకాలం ఇళ్ళల్లో దూలానికి ఇలాంటి తీగ ఒకటి వేలాడుతుండేది, మీలో చాలామంది చూసే ఉంటారు. అన్నీ తాతయ్య రాసినవే. పైన దుమ్ము పట్టింది కానీ లోపల అక్షరాలు చెక్కు చెదరలేదు.

"మరి నువ్వు రాసినవేవీ అవ్వా?" అని అడిగాను.

"నేను రాసిందెక్కడమ్మా, రాయించింది. ఆయన ఒక చోట ఉన్నాడా, దాచిపెట్టుకోడానికి పెట్టె ఉందా? యాడ పారేశాడో!" అంది.

ఆ మాట పట్టుకుని నేను కొన్నాళ్ళు పుస్తకాలు తిరగేశాను. యుద్ధానికి పోయిన మగవాళ్ళ ఉత్తరాల గురించి చాలానే ఉంది. ఇంటి దగ్గర ఉన్న భార్యల ఉత్తరాల గురించే వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రం దాటి వెళ్ళారు. 1914 సెప్టెంబరు చివర్లో మన సిపాయిలు ఫ్రాన్సులోని మార్సెయి రేవులో దిగారు. మద్రాసు శాపర్లు మెసపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు వెళ్ళారు. ఫ్రాన్సులో ఉన్నవాళ్ళే 1915 నాటికి వారానికి పది వేల నుంచి ఇరవై వేల దాకా ఉత్తరాలు రాసేవారట. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. ఒకరు చెప్తుంటే ఇంకొకరు రాసేవారు. ఇంటి దగ్గరా అంతే, ఒకరు చదువుతుంటే పదిమంది చుట్టూ కూర్చుని వినేవారు.

మధ్యలో ఇంకొకరూ చదివేవారండోయ్. వాళ్ళే సెన్సారువాళ్ళు. ఫ్రాన్సులోని బొలోన్‌లో హావెల్ అనే అధికారి కింద ఒక కార్యాలయం పెట్టి, సిపాయిల ఉత్తరాలు విప్పి చూసి, అనుమానం వచ్చినవాటినీ ముఖ్యమనుకున్నవాటినీ ఇంగ్లీషులోకి మార్చి పైవాళ్ళకు పంపేవారు. ఆ సంగతి సిపాయిలకూ తెలుసు. అందుకని మారు మాటలు పుట్టాయి. ఒక సిపాయి, నల్ల మిరియాలు అయిపోయాయనీ ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారనీ అర్థం వచ్చేలా రాశాడు. నల్ల మిరియాలంటే మన సిపాయిలు, ఎర్ర మిరపకాయలంటే తెల్ల సిపాయిలు! అది చదివి ముందు నవ్వొచ్చింది. మరుక్షణమే గుండె బరువెక్కింది. పోపుల డబ్బా ముందు కూర్చునే మనకి, మిరియాలు "అయిపోవడం" అంటే ఏమిటో ఒకరు విడమరిచి చెప్పాలా?

ఆ సెన్సారు నివేదికలు ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అసలు ఉత్తరాలు చాలామటుకు పోయి, ఇంగ్లీషులోకి మార్చిన ముక్కలే మిగిలాయి. వాటిలో ఎక్కువ పంజాబు వైపువాళ్ళవి. ఇంటి నుంచి వచ్చిన ఆడవాళ్ళ ఉత్తరాలూ కొన్ని ఉన్నాయి కానీ మగవాళ్ళవాటి ముందు చాలా తక్కువ. విచిత్రం చూడండి. భార్యాభర్తల మాటలు దాచింది ప్రేమ కాదు, సర్కారు వారి అనుమానం! ఎవరి మాటలు ప్రమాదమనుకున్నారో వాళ్ళవే దాచారు. పిల్లాడికి పాలపళ్ళు వచ్చాయి, బర్రె ఈనింది, మీ అమ్మకు దగ్గు తగ్గలేదు అని రాసే ఇల్లాలి మాటలతో ఏ ప్రభుత్వానికి పని?

యుద్ధానికి పోయినవాడి భార్య కథ మన నెల్లూరుకు కొత్తదేమీ కాదు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధికీ కాటమరాజుకూ పుల్లరి దగ్గర తగాదా వచ్చి యుద్ధం జరిగింది. మనుమసిద్ధి వైపు పోరాడిన ఖడ్గతిక్కన సైన్యాన్ని పోగొట్టుకుని ఇంటికి తిరిగొస్తే, భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి, ఆడవాళ్ళకు పెట్టినట్టు పసుపు ముద్ద పెట్టి నీళ్ళు తోడిందనీ, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసిందనీ, ఆ సిగ్గుతో అతను మళ్ళీ యుద్ధానికి పోయి ప్రాణం వదిలాడనీ చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఇది విని పొంగిపోయేదాన్ని. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిగా ఆలోచిస్తే, చానమ్మ నిజంగా ఏమందో అనిపిస్తుంది. ప్రాణాలతో గుమ్మంలోకి వచ్చిన మగణ్ణి చూసి ఏ ఇల్లాలైనా ముందు చేసేది పసుపు ముద్ద వెతకడమేనా? ఆమె పేరు మీద కథ చెప్పింది మాత్రం వేరేవాళ్ళు.

ఇక రెండో ప్రపంచ యుద్ధం. మన దేశం నుంచి పాతిక లక్షల మంది సైన్యంలో చేరారు. మన తెలుగువాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పెద్ద సంఖ్యలో వెళ్ళారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో ఎన్నో ఇళ్ళ నుంచి సిపాయిలు వెళ్ళబట్టి ఆ ఊరికి మిలటరీ మాధవరం అనే పేరు నిలిచిపోయింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసులో జనం ఇళ్ళకు తాళాలేసుకుని పల్లెలకు పరుగెత్తారు. కోస్తా పొడుగునా సముద్రం వైపు చూడాలంటేనే భయపడిన రోజులవి. బర్మా బియ్యం ఆగిపోయి ధరలు మండిపోయాయి. మొగుడు బర్మా అడవుల్లోనో ఈజిప్టు ఇసుకలోనో ఉంటాడు. ఇక్కడ ఇల్లాలు బియ్యం కోసం, కిరసనాయిలు కోసం వరసలో నిలబడుతుంది. ఇంటి నుంచి కరువు కబుర్లు వెళితే సిపాయిల మనసు చెదురుతుందని పైవాళ్ళు ఆ ఉత్తరాల మీద కన్నేసి ఉంచేవారు. అంటే ఇల్లాలు తన కష్టం రాసినా తప్పే.

రాయడానికి ఎంతమందికి వచ్చు అనేది ఇంకో ప్రశ్న. 1951 జనాభా లెక్కల్లో దేశంలో చదువొచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. మరి మిగిలినవాళ్ళ జవాబు ఏది?

ఆ జవాబు నాకు అవ్వ పెట్టెలోనే, ఉత్తరాల అడుగున దొరికింది. మనియార్డరు కూపన్లు! మనియార్డరు ఫారానికి కింద చిన్న ముక్క ఉండేది, గుర్తుందా? డబ్బు పంపేవాళ్ళు నాలుగు మాటలు రాసుకోవడానికి. అది ఇంట్లో ఉండిపోతుంది. డబ్బు తీసుకున్నవాళ్ళు సంతకమో వేలిముద్రో వేసిన రసీదు, పంపినవాళ్ళకు తిరిగి పోతుంది. పోస్టుమాన్ సిరా డబ్బా తీసి, వేలు అద్దించి, కాగితం మీద ఒత్తించేవాడు. ఎక్కడో గుడారంలో ఉన్న సిపాయికి ఆ రసీదు చేరేది. ఎవరి కలమూ అడ్డం రాకుండా, ఎవరూ చదివి వినిపించే పని లేకుండా, భార్య చేతి నుంచి భర్త చేతికి పోయింది ఆ ముద్ర ఒక్కటే. నేను బతికే ఉన్నాను, నువ్వు పంపింది అందింది. ఇంతకంటే ఏ ఉత్తరమైనా ఏం చెబుతుంది?

మా తాతయ్య 1971 యుద్ధంలో తూర్పు వైపు ఉన్నాడు. అడ్రసులో ఊరి పేరు ఉండదు. నంబరు, పేరు, యూనిట్టు, కింద "కేరాఫ్ 99 ఏపీఓ". పడమర, ఉత్తరం వైపు వాళ్ళకైతే "56 ఏపీఓ". ఆ ఉత్తరాలన్నీ కలకత్తాలోనో ఢిల్లీలోనో ఉన్న మిలటరీ తపాలా కేంద్రానికి పోయి, అక్కడి నుంచి యూనిట్టు ఎక్కడుంటే అక్కడికి చేరతాయి. శత్రువుకు జాడ తెలియకూడదని ఆ ఏర్పాటు. దాంతో భార్యకూ తెలియదు. "తొంభై తొమ్మిది అంటే ఏదో ఊరనుకున్నా. రైలెక్కితే తొంభై తొమ్మిదిలో దిగొచ్చనుకున్నా" అని అవ్వ నవ్వింది. డిసెంబరు 3న మొదలైన ఆ యుద్ధం 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది. పేపర్లో చదవడానికి పదమూడు రోజులే. ఆయన క్షేమంగా ఉన్నాననే ఇన్లాండు కవరు వచ్చేసరికి సంక్రాంతి దాటిపోయిందట. ఆ ఏడు ఇంటి ముందు ముగ్గు కూడా వేయలేదంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఆ ఉత్తరాలన్నీ చదివి వినిపించింది అవ్వ మరిది. జవాబు రాసిందీ అతనే. ఎనిమిదో తరగతి దాకా చదివాడు కాబట్టి ఇంట్లో అతనే పండితుడు. అత్తా, మామా, ఆడబిడ్డలూ అందరూ కూర్చుంటే నడిమింట్లో చదివేవాడు. అవ్వ వంటింటి గడప దగ్గర నిలబడి వినేది. జవాబు రాయించేటప్పుడు ఆమె వంతు వచ్చేసరికి "నేను బాగున్నానని రాయి" అని మాత్రం చెప్పేది. పదిమందిలో ఇంకేం చెబుతుంది పాపం!

1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రిపూట బడులు పెట్టి ఆడవాళ్ళకు చదువు చెప్పారు. అందులోని సీతమ్మ కథ పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా అంగళ్ళ మీద తిరగబడ్డారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఈ చరిత్ర మనందరికీ తెలుసు. ఆ చదువు ఒక్కో ఇంట్లో ఇంకేం చేసిందో ఎవరూ రాయలేదు.

అవ్వ కూడా ఆ బడికి పోయింది. అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీగ దించి పాత ఉత్తరాలు చదువుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో ఉత్తరానికి రెండు మూడు రోజులు పట్టేదట. అలా చదువుతుంటే ఒక దాంట్లో, ఇరవై ఏళ్ళుగా తను ఎప్పుడూ వినని వాక్యం కనిపించింది. పంపిన డబ్బులో ఇరవై రూపాయలు నీకు, ఎవరికీ ఇవ్వొద్దు, పాలు తెప్పించుకుని తాగు, నీ ఆరోగ్యం ఎట్లుందో విడిగా రాయించు అని. ఇంకో దాంట్లోనూ అలాంటిదే. తర్వాతి దాంట్లోనూ. మరిది ఆ ముక్కలు దాటేసి చదివాడు. పెద్దల ముందు సిగ్గుపడి వదిలేశాడో, ఆ ఇరవై రూపాయల కోసమే వదిలేశాడో ఆ దేవుడికే తెలియాలి.

"ఇన్నేళ్ళూ ఆయన మీద కోపం పెట్టుకున్నానమ్మా. అందర్నీ అడుగుతాడు, నన్ను మాత్రం అడగడని. ఆ కాగితం తీసుకోని అరుగు మీదికి పోయినా. ఇది నాకు ఎవురూ చదవలా అన్నా. ఆయన చాలాసేపు మాట్లాడలా. తర్వాత ఏమన్నాడో తెలుసా? నువ్వు ఒక్కసారీ జవాబు రాయించలేదని నేనూ అలిగి, అడగడం మానేశా అన్నాడు."

యుద్ధం పదమూడు రోజుల్లో అయిపోయింది. ఈ అలక మాత్రం ఇరవై ఏళ్ళు నడిచింది. నాకైతే ఆ మాట విన్నాక చేతిలో చీపురు ఆడలేదు.

చదువొచ్చి, మన ఉత్తరం మనమే చదువుకోగలిగిన కాలంలో కూడా ఉత్తరం విలువ తగ్గలేదు. 1999 కార్గిల్ యుద్ధంలో మన హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న ద్రాస్ ప్రాంతంలో వీరమరణం పొందాడు. తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. అంతకు కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని కోరాడు, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు అబ్బాలని. ఆయన పోయాక పాప పుట్టింది. అపరాజిత అని పేరు పెట్టుకున్నారు. తిక్కన భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన ఊరు మనది. ఆ ఉత్తరం గురించి తెలిశాక, భారతం పుస్తకం ఎప్పుడు తీసినా నాకు ఆ కడుపులోని పాపే గుర్తొస్తుంది.

ఇప్పుడు వీడియో కాల్స్ వచ్చాయి. సరిహద్దులో ఉన్న భర్త ముఖం వంటింట్లో నుంచే చూడొచ్చు. సంతోషమే. కానీ ఆ మాటలు ఏ తీగకూ గుచ్చలేం కదా.

మీ ఇంట్లోనూ మిలటరీలో చేసినవాళ్ళు ఉండొచ్చు, గల్ఫుకో బొగ్గు గనులకో పోయి డబ్బు పంపినవాళ్ళు ఉండొచ్చు. ఈ పండక్కి అటక దులిపేటప్పుడు ఉత్తరాలు కనిపిస్తే పాత కాగితాలవాడికి వేయకండి. వాటిని అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెట్టుకుని కూర్చుని, "దీనికి నువ్వేం జవాబు చెప్పాలనుకున్నావు?" అని ఒక్కమాట అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి. ఏ వాక్యమూ దాటేయకండి.

అవ్వ తన ఉత్తరాల కట్టను మళ్ళీ అటక ఎక్కించనివ్వలేదు. ఇప్పుడది ఆమె దిండు పక్కనే ఉంది.