దొంగ సూచనలు – ఆబిద్ గారి వజ్రం

ఆదివారం ఉదయం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు వెదకడం, అటునుండి మెల్లగా నడుచుకుంటూ నాంపల్లిలోని మిత్రుని ఇల్లు చేరడం ఉద్యోగ విరమణ తరువాత నాకు నియమమైపోయింది. ఆ మిత్రుడు నాంపల్లి న్యాయస్థానాలలో ముప్పై యేండ్లు గుమాస్తాగా పనిచేసినవాడు. మరొకరు గణితోపాధ్యాయులు. ముగ్గురం కలిస్తే చదరంగం, లేకుంటే లోకాభిరామాయణం. ఈమధ్య సెలవులకు వచ్చిన గుమాస్తాగారి మనుమడు చదరంగం బల్లను పక్కకు జరిపి, ఒక పెద్ద పెట్టెను మా మధ్య పెట్టాడు. దాని పేరు 'ట్రెజర్ ఐలండ్'. మార్క్ పాకియెన్ అనే ఆయన రూపొందించగా 2018లో వెలువడిన ఆట.

ఆ పేరు వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. స్టీవెన్‌సన్ 1883లో పుస్తకంగా ప్రకటించిన ఆ ఓడ దొంగల కథను నండూరి రామమోహనరావు గారు 'కాంచన ద్వీపం' పేరిట తెలుగు చేశారు. ఒంటికాలి సిల్వర్‌ను నేను ఇంగ్లీషులో కంటె ముందు తెలుగులోనే ఎరుగుదును.

ఆట తీరు ఇది. బల్ల మీద ఒక ద్వీపం పటం పరుస్తారు. ఒకరు సిల్వర్. అతడు తనకొక్కడికే తెలిసిన చోట నిధిని దాచి, తన చిన్న పటంలో గుర్తు పెట్టుకుంటాడు. తక్కినవారు అతని మీద తిరుగుబాటు చేసి, అతనిని చెరలో పెట్టిన నావికులు. వారు పటం మీద గీతలు గీసుకుంటూ తిరుగుతారు, వలయం గీసి అందులో తవ్వుతారు. సిల్వర్ నడుమ నడుమ సూచనలు ఇచ్చి తీరాలి. వాటిలో కొన్ని మాత్రం అబద్ధాలు కావచ్చు. అబద్ధానికీ హద్దు ఉన్నది, అది అందరికీ ముందే తెలుసు. అంతవరకు నిధి దొరకకపోతే సిల్వర్ చెర విడిపించుకొని తన నిధి వైపు తానే పరుగు తీస్తాడు.

పెద్దవాడినని నన్నే సిల్వర్‌ను చేశారు. నేను నిధిని ఈశాన్యంలో దాచి, మొదటి సూచనే అబద్ధం చెప్పాను. గుమాస్తాగారు నా ముఖం వైపు ఒకసారి చూసి, మాట మాత్రం లేకుండా, నేను కాదన్న చోటికే తన బొమ్మను నడిపించారు. నాలుగవ వంతులో నిధి ఆయన వలయంలో పడింది. ఎలా కనిపెట్టారని అడిగితే, "పంతులుగారూ, మీరు నిజం చెప్పేటప్పుడు నలుగురిలా మాట్లాడుతారు. అబద్ధం చెప్పేటప్పుడు వ్యాకరణం మరీ శుద్ధంగా ఉంటుంది" అన్నారు. గణితం మాస్టారు పడీ పడీ నవ్వారు. ముప్పై యేండ్లు సాక్షులను చూసిన కళ్ళ ముందు నా పాండిత్యం ఏపాటిది!

పండితుడికి ఓడిపోయినా మాటల మీద మనసు పోకమానదు. తెలుగులో 'దొంగ' అంటే సొమ్ము ఎత్తుకుపోయేవాడే కాదు. దొంగ నోటు, దొంగ ఏడుపు, దొంగ నిద్ర, దొంగ సాక్ష్యం అంటాం. వీటిలో ఎవరూ ఏమీ ఎత్తుకుపోలేదు, లేనిదానిని ఉన్నట్టు చూపారు, అంతే. సంస్కృతంలోనూ 'కితవుడు' అంటే జూదరి, మోసగాడు కూడ. చిన్ననాడు చీటీల మీద రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని వ్రాసి, మడిచి ఎగరవేసి ఆడుకున్న ఆట గుర్తుండే ఉంటుంది. దొంగ చీటీ వచ్చినవాడు రాజులా కూర్చోవాలి, పోలీసు ముఖాలు చూసి పట్టుకోవాలి. ఓడ దొంగలు, పటం ఇప్పుడు వచ్చినవి గాని, ఆట ఆ చీటీలదే.

గుమాస్తాగారు పటం మడుస్తూ, "మీరు ఇందాక నడిచి వచ్చిన వీధి పేరే ఒక దొంగ బేరంలో చిక్కుకున్నది కదా" అన్నారు. ఆయన చెప్పినది ఆబిద్ సంగతి. ఆ కథ నేనూ చదివి ఉన్నాను గాని, ఆ పూట బల్ల దగ్గర విన్నప్పుడు వేరుగా తోచింది.

అల్బర్ట్ ఆబిద్ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వద్ద ఆంతరంగిక సేవకుడు. ఆర్మేనియా మూలాలవాడని చెబుతారు. ప్రభువు దుస్తులు, అలంకారం చూసుకోవడం ఆయన కొలువు. ప్రభువుకు ఎప్పుడు ఏది నచ్చుతుందో అంత దగ్గరగా చూసినవాడు మరొకడు ఉండడు. ఆయన దుకాణం ఉన్న చోటే నేటి ఆబిడ్స్ కూడలి. దుకాణం పోయింది, పేరు నిలిచింది.

1891లో సిమ్లా నుండి అలెగ్జాండర్ జేకబ్ అనే రత్నాల వర్తకుడు ఒక బేరం తెచ్చాడు. నడుమ మనిషి ఆబిద్. వజ్రం అప్పటికి ఇంగ్లండులో ఉన్నది, జేకబ్ చేతిలో ఉన్నది దాని నమూనా మాత్రమే. దక్షిణాఫ్రికాలో దొరికిన ఆ రాయి సానపట్టిన తరువాత సుమారు 185 క్యారట్లు. 46 లక్షల రూపాయలకు మాట కుదిరింది. అందులో సగం, 23 లక్షలు, ముందుగా బ్యాంకులో వేశారు. జేకబ్ ఆ సొమ్ముతోనే అసలు వజ్రం కొని తెప్పించాడు. ముందు సొమ్ముకంటె తక్కువకే అది అతని చేతికి వచ్చింది! లాభం ఎంతో లెక్క కట్టుకోండి.

బేరంలో మెలిక ఒక్కటే. చూసిన తరువాత ప్రభువు 'పసంద్' అంటే కొన్నట్టు, 'నా పసంద్' అంటే లేనట్టు. ఈలోగా బ్రిటిష్ రెసిడెంటు ఇంత ఖర్చు కూడదని అడ్డు తగిలాడు. వజ్రం హైదరాబాదు చేరింది. నిజాం చూశాడు, వద్దన్నాడు, 23 లక్షలు తిరిగి ఇమ్మన్నాడు. జేకబ్ ఇవ్వలేదు. ఆ సొమ్ము ధరలో భాగమని అతని వాదం, నచ్చేవరకు ఉంచిన ధరావతు అని నిజాం వాదం.

వ్యవహారం కలకత్తా హైకోర్టుకు నమ్మకద్రోహపు నేరారోపణగా చేరింది. నిజాం కోర్టుకు వెళ్ళలేదు గాని, హైదరాబాదులోనే కమిషన్ ముందు సాక్ష్యం ఇవ్వవలసి వచ్చింది. ఎదుట నిలబడి ప్రశ్న వేయడానికే జనం జంకే ప్రభువును న్యాయవాదులు ప్రశ్నలడిగారు. జ్యూరీ చివరకు జేకబ్ నిర్దోషి అన్నది. ఆ తరువాత రాజీలో వజ్రం నిజాంకే దక్కింది. జేకబ్ గెలిచీ చితికిపోయాడు. 1921లో బొంబాయిలో పేదరికంలో చనిపోయాడు.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా జేకబ్‌ను దొంగను చేస్తారు, లేదా మంత్రగాడిని చేస్తారు. నాకు రెండూ నచ్చవు. నమూనా చూపి ఇతరుల సొమ్ముతో సరుకు కొన్నవాడు సాహసి, అత్యాశాపరుడు. అంతమాత్రాన నేరస్థుడు కాడని జ్యూరీ అన్నది సబబే. నిజాంకు నిజంగా నచ్చలేదా, రెసిడెంటు ముందు నచ్చనట్టు కనిపించవలసి వచ్చిందా? 'నా పసంద్' అన్న మాట దొంగ మాట కావచ్చునని నా అనుమానం. మా ఆటలో అబద్ధాల లెక్క పెట్టె మూత మీదనే తేలిపోతుంది. ఆ బేరంలో 23 లక్షలు ధరావతో, ధరలో భాగమో, ఆట మొదలుపెట్టేముందు ఎవరూ తేల్చుకోలేదు. ఇక ఆ సొమ్ము దివానీ భూములదైనా, నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్ భూములదైనా, శిస్తు కట్టినది రైతే. వాడిని పసందా అని అడిగినవారు లేరు.

రడ్యార్డ్ కిప్లింగ్ 1901లో ప్రకటించిన 'కిమ్' నవలలో సిమ్లా దుకాణదారు లర్గన్ సాహెబ్‌కు మూలం ఈ జేకబే అంటారు. ఆ లర్గన్ ఒక పిల్లవాడికి పళ్ళెంలో రత్నాలు చూపి, కప్పివేసి, ఏవేవి ఉన్నాయో చెప్పమంటాడు. చూపు, జ్ఞాపకం పదునుపెట్టే ఆ ఆట నేటికీ స్కౌట్ శిబిరాలలో 'కిమ్ ఆట' పేరుతో ఆడుతున్నారు. వజ్రం సంగతి వేరు. మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూసిన తరువాత కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది తండ్రి పాదరక్షలో దొరికిందనీ, ఆయన దానిని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడాడనీ చెప్పుకుంటారు. 1995లో నిజాం నగలలో భాగంగా భారత ప్రభుత్వం కొన్నది. మొత్తం 173 నగలకు 218 కోట్లు. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించారు.

నాకూ ఆబిడ్స్‌లో ఒక బేరం ఉన్నది, చెప్పక తప్పదు. చాలా యేండ్ల క్రితం కాలిబాట మీద 'శబ్దరత్నాకరము' పాత ప్రతి ఒకటి కనబడింది. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు గారు వెలువరించిన నిఘంటువు. ఆశ బయటపడకూడదని ముఖం చిట్లించి, రెండు నవలలు తిరగేసి, "ఈ పాత డిక్షనరీ ఏంటయ్యా" అన్నాను. దుకాణదారు పది రూపాయలు ఎక్కువ చెప్పాడు. కొంత బేరమాడి కొన్నాను, నేనే గెలిచానని మురిసిపోయాను. మరుసటి ఆదివారం అతడు నవ్వుతూ, "సార్, మీరు ఆ బుక్కుని మూడు సార్లు తీసి పెట్టిన్రు. రెండోసారికే నేను రేటు పెంచిన" అన్నాడు.