కాలాపానీ దాటిన బట్ట

1894 నాటి జైళ్ల చట్టం 46వ సెక్షన్‌లో, జైలు సూపరింటెండెంట్ ఖైదీకి వేయగల శిక్షల పట్టిక ఉంది. సంకెళ్లు, ఒంటరి కొట్టు, బెత్తం దెబ్బలతో పాటు అందులో ఇంకో శిక్ష కూడా ఉంది. ఖైదీ ఒంటిమీది బట్ట తీయించి, బదులుగా గోనె గానీ అలాంటి ముతక గుడ్డ గానీ కట్టించవచ్చు. మూడు నెలలకు మించకూడదు. ఉన్ని బట్ట ఉంటే దాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఈ చివరి మాటను జాగ్రత్తగా చదవాలి. ఏ గుడ్డ ఒంటిని ఎంత బాధపెడుతుందో, ఏ గుడ్డ తీసేస్తే మనిషి చలికి పోతాడో, చట్టం రాసినవాళ్లకు చక్కగా తెలుసు. అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్ సెల్యులార్ జైలు మ్యూజియంలో ఆ గోనె దుస్తులు ఈనాటికీ చూడొచ్చు.

2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం ఈ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చింది. చెప్పబోయే కథ చాలావరకు పాత పేరు కింద జరిగింది కాబట్టి ఆ పేరే వాడుతున్నాను. నేత లేని నేల మీదికి బట్ట ఓడెక్కి వచ్చింది. అది ఒంటిని, అడవిని, నీటిని ఏం చేసిందో ఇంత విడివిడిగా చూడగలిగిన చోటు మన దేశంలో మరొకటి నాకు తెలియదు.

పత్తి వేయలేదు, మగ్గం లేదు అన్నంత మాత్రాన అండమానీయులకు నార పని రాదని కాదు. అడవి తీగల నుంచి, చెట్ల బెరడు నుంచి నార తీసి వింటినారులు పేనేవారు, తాబేళ్లు పట్టే వలలు అల్లేవారు. ఆడవాళ్లు మొగలి ఆకు పట్టీలు నడుముకు చుట్టి, ముందు ఆకులు దోపుకునేవారు. తెల్ల సుద్ద, బూడిదరంగు బంకమన్ను, కొవ్వులో కలిపిన ఎర్రమట్టి ఒంటికి పూసుకునేవారు. 1906–08 మధ్య ఇక్కడ తిరిగిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ పూతల గురించి పేజీలకు పేజీలు రాశాడు. ఎవరైనా చనిపోతే ఏ మట్టి పూయాలో, మైల తీరాక ఏది పూయాలో అన్నిటికీ పద్ధతి ఉంది. జారవా తెగ మగవాళ్లు వేటకు వెళ్లేటప్పుడు రొమ్ముకు బెరడు పట్టా కట్టుకుంటారు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, దాదాపు ఎనిమిది నెలలు ఎడతెరిపి లేని తేమ ఉండే చోట ఈ గుడ్డ లేని వేషం తెలివైనది. తడిసిన చర్మం కొద్ది నిమిషాల్లో ఆరుతుంది. తడిసిన గుడ్డ ఆరదు.

దక్షిణాన నికోబార్ దీవులకు ఓడల రాకపోకలు చాలా పాతవి. అక్కడివాళ్లు వర్తకుల దగ్గర రంగురంగుల పట్టుగుడ్డలు కొని, కట్టుకోకుండా ఇళ్లలో వాసాలకు వేలాడదీసుకుంటారని 13వ శతాబ్దపు మార్కో పోలో యాత్రా కథనంలో ఉంది. గుడ్డ అక్కడ ఆస్తి, అలంకారం. ఒంటికి దానితో పని లేదు.

1858 మార్చి 10న జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే వైద్యుడు 1857 తిరుగుబాటు ఖైదీలు రెండు వందల మందితో పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగాడు. అయిదేళ్లకు, 1863లో, హెన్రీ కార్బిన్ అనే మతగురువు రాస్ దీవిలో 'అండమాన్ హోమ్' తెరిచాడు. గ్రేట్ అండమానీయులు అనే ఆదివాసులను అక్కడికి రప్పించి, తిండి పెట్టి, పొగాకు ఇచ్చి, బట్టలు తొడిగారు. తెల్లదొరసానుల కళ్లముందు దిసమొలతో తిరగకూడదన్నది ఒక కారణం. ఎండకూ వానకూ కాపాడుతున్నామన్న నమ్మకం ఇంకొకటి. ఇచ్చినవాళ్ల మనసులో చెడు లేదనే అనుకుందాం. కానీ బట్ట ఒంటరిగా పనికొచ్చే వస్తువు కాదు. ఒకటి తడిస్తే మార్చుకోవడానికి రెండోది కావాలి. ఉతకడానికి సబ్బు కావాలి, ఉప్పు లేని నీళ్లు కావాలి. ఆరవేయడానికి దండెం, దాని మీద నీడపట్టు, కాస్త ఎండ కావాలి. చిరిగితే సూదీదారం కావాలి. వెనక ఇంత సరంజామా ఉంటేనే బట్ట ఒంటికి మేలు చేస్తుంది. అండమానీయుల చేతికి వచ్చింది బట్ట ఒక్కటే. దాన్ని ఒంటిమీదే తడుపుకున్నారు, ఒంటిమీదే ఆరబెట్టుకున్నారు. ఊపిరితిత్తుల జబ్బులు పెరిగాయి.

గ్రేట్ అండమానీయులను తుడిచిపెట్టింది బట్ట అని చెప్పడం లేదు. 1868 నాటి న్యుమోనియా, వలసవాదులు తెచ్చిన సిఫిలిస్, అన్నిటికంటే ఘోరంగా 1877 నాటి తట్టు వాళ్లను ఊడ్చేశాయి. అయితే బట్ట కూడా ఆ నేరంలో పాలుపంచుకుందని బయటివాళ్లు కాదు, పాలకులే రాశారు. 1894 నుంచి 1904 దాకా ఇక్కడ చీఫ్ కమిషనర్‌గా ఉన్న రిచర్డ్ టెంపుల్, వాళ్ల మరణాలకు కారణాలు చెబుతూ మితిమీరిన పొగాకుతో పాటు మితిమీరిన బట్టను కూడా లెక్కలోకి తెచ్చాడు. దాన్ని ఆదుకోబోయినవాళ్ల తప్పుడు దయగా చూశాడు. బట్ట ఆరోగ్యం మీద చూపే ప్రభావం గురించి ఇంత పాత అధికారిక అంచనా మన దేశంలో అరుదు. 1858లో కొన్ని వేలు ఉన్న జాతి 1901 జనగణనకు 625 మందికి వచ్చింది. 1961లో మిగిలింది 19 మంది. కారణం తెలుసుకుని, కాగితం మీద పెట్టి, ఆ తర్వాతా అదే దారిన నడిచారు. ఈ చరిత్రలో నన్ను బాధించేది తెలియకపోవడం కాదు, తెలిసినదాన్ని దస్త్రంలో పెట్టి మూసేయడం.

ఖైదీల బట్టకు ఇంకో చరిత్ర ఉంది. క్లేర్ ఆండర్సన్ అనే బ్రిటిష్ చరిత్రకారిణి వలసకాలపు ఖైదీల దుస్తుల మీదే ప్రత్యేకంగా పరిశోధన చేసింది. ఒంటిమీది గుడ్డను బట్టే ఖైదీ తరగతి తెలిసిపోవాలన్నది పోర్ట్ బ్లెయిర్‌లో నియమం. దాని మీద మెడలో చెక్కబిళ్ల. బిళ్ల మీద నంబరు, సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదలయ్యే సంవత్సరం. ఆ బట్ట నేసేపని ఎక్కువగా ఆడఖైదీలది. సౌత్ పాయింట్‌లోని ఆడవాళ్ల జైల్లో మగ్గాలుండేవి. దేశం నలుమూలల నుంచి తెచ్చిన ఆడవాళ్లు, వాళ్లలో ఎందరో భర్తనో బిడ్డనో చంపిన నేరం మీద వచ్చినవాళ్లు, అక్కడ కూర్చుని మగఖైదీలకు గుడ్డ నేశారు. వాళ్ల పేర్లు చెప్పుకునేవారు లేరు.

1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైల్లో నార పని వేరే రకం. బారీంద్ర ఘోష్ వంటి రాజకీయ ఖైదీలు దాన్ని తమ జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఎండిన కొబ్బరి డొక్కలు ఇరవై ఇచ్చి, సమ్మెటతో కొట్టి పీచు తీయమనేవారు. పీచు దులిపిన కొద్దీ దుమ్ము లేస్తుంది. అరచేతులు బొబ్బలెక్కి, చిట్లి, మళ్లీ బొబ్బలెక్కేవి. కిత్తనార తీయడం అంతకన్నా పాడు. ఆకు దంచితే చిమ్మే రసం తగిలిన చోటల్లా చర్మం దురదపెట్టి మండుతుంది. ఈ జైలుకొచ్చినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. రంపలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం వీరులున్నారు. కాకినాడ బాంబు కేసులో వచ్చిన ప్రతివాది భయంకరాచారి ఉన్నాడు. కార్మికుడి ఊపిరికీ చర్మానికీ నార పరిశ్రమ చేసే హాని గురించి తెలుగులో ఎవరైనా పుస్తకం రాస్తే, దాని మొదటి అధ్యాయం ఈ జైలు గదుల్లోనే మొదలుపెట్టాలి.

శిక్షగా కట్టించిన ఆ గోనె పుట్టుక కూడా చూద్దాం. కలకత్తా దగ్గర రిష్రాలో 1855లో తొలి జనపనార మిల్లు వచ్చింది. గోనెకు పనికొచ్చే గోగు మన ఉత్తరాంధ్రలోనూ పండుతుంది. ఆకు గోంగూర, కాండం గోగునార. కట్టలు కట్టి చెరువులో ఊరవేసి, మొలలోతు కుళ్లునీటిలో నిలబడి నార ఒలుస్తారు. ఆ రోజుల్లో చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలతాయి, ఒలిచేవాళ్ల కాళ్లు పాచిపోతాయి. నేలలో కలిసిపోయే మంచి నార అని ఇప్పుడు గోనెను మెచ్చుకుంటున్నాం, అది నిజమే. ఆ నీళ్లలో నిలబడ్డవాళ్లను కూడా లెక్కలో వేసుకోమనే నేను అడుగుతున్నది.

స్వాతంత్ర్యం తర్వాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి జనం ఓడెక్కి ఈ దీవులకొచ్చారు. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మన మత్స్యకారుల వాడే ఉంది. వీళ్లు వదిలివచ్చిన జిల్లాల్లో ఒకటైన శ్రీకాకుళంలోనే పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో నూలు వడికే ఊరు అది. ఒంటికి గాలి తగలనిచ్చే గుడ్డల్లో దాన్ని మించింది తక్కువ. అయినా పొందూరు ఖద్దరు ఈ దీవుల్లో నిత్యం కట్టుకునే బట్ట కాలేదు. పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజారులో పాలిస్టర్‌దే రాజ్యం.

పాలిస్టర్‌ను తిట్టిపోయడం తేలిక. పోర్ట్ బ్లెయిర్‌లో దాన్ని ఎంచుకున్న ఇల్లాలికి బలమైన కారణాలున్నాయి. నూలు చీర వానాకాలంలో మూడు రోజులైనా ఆరదు, ముక్కవాసన వేస్తుంది, బూజుమచ్చలు పడుతుంది. ఊరికి నీళ్లిచ్చేది ముఖ్యంగా ధనిఖరి ఆనకట్ట. వేసవిలో అది అడుగంటితే కుళాయి రెండుమూడు రోజులకోసారి వస్తుంది. అలాంటప్పుడు తక్కువ నీళ్లతో ఉతికితే చాలు, పంకా కింద వేస్తే తెల్లారేసరికి ఆరే గుడ్డ కావాలి. పైగా చవక. ఇన్ని చిక్కుల మధ్య ఆమె తీసుకున్న నిర్ణయం తెలివైనదే. కానీ చెమట పీల్చని గుడ్డ చంకల్లో, గజ్జల్లో తేమను అలాగే పట్టి ఉంచుతుంది. మొండి తామర గత పదేళ్లలో దేశమంతా పెరిగింది. మందులకు లొంగని ఒక శిలీంధ్ర రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరే పెట్టారు. తామర ఇలా పెరగడానికి పెద్ద కారణం స్టెరాయిడ్ కలిపిన లేపనాలను ఇష్టం వచ్చినట్టు వాడటం. బిగుతైన సింథటిక్ బట్టలూ తడి ఆరని లోదుస్తులూ దానికి తోడవుతాయని చర్మవైద్యులు చెబుతున్నారు. వదులైన నూలు కట్టండి, ఇస్త్రీ చేసి కట్టండి, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడకండి అంటారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఈ సలహా ఆచరించాలంటే ముందు నీళ్లు, ఎండ ఉండాలి. అండమాన్ హోమ్‌లో కరువైన సరంజామాయే ఇక్కడా కరువు.

ఉతికిన నీరు ఎక్కడికి పోతుందన్నది ఇంకో ప్రశ్న. సముద్రంలోకి నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో సుమారు 35 శాతం సింథటిక్ బట్టలు ఉతికినప్పుడు ఊడే పోగులేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2017లో అంచనా వేసింది. ద్వీపంలో మురుగునీటికీ సముద్రానికీ మధ్య దూరమే లేదు. జంగ్లీఘాట్ నైలాన్ వల కూడా ఈ కుటుంబానిదే. పాత నూలు వల, నార వల తెగి నీట పడితే కొన్నాళ్లకు చివికిపోయేవి. నైలాన్ వల ఏళ్ల తరబడి నీటిలో తిరుగుతూ తాబేళ్లను చంపుతూనే ఉంటుంది.

దానం చేసిన బట్ట కథ కూడా చెప్పాలి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో, ముఖ్యంగా నాగపట్నం వైపు, దేశమంతా పంపిన పాతబట్టలు గుట్టలుగా రోడ్ల పక్కన పడి కుళ్లాయి. ఇల్లూ పెట్టే లేనివాళ్లకు మూటలకొద్దీ బట్ట ఎందుకని పంపినవాళ్లు ఆలోచించలేదు. గూంజ్ సంస్థ వాటిని ఏరి పనికొచ్చే వస్తువులుగా మార్చే పని చేపట్టింది.

జారవాల విషయంలో ఆ పాఠం ఇంకా బరువైనది. 1974 నుంచి ప్రభుత్వ బృందాలు వాళ్ల తీరానికి పడవల్లో వెళ్లి కొబ్బరికాయలు, అరటిగెలలు, ఎర్రగుడ్డ ఇచ్చేవి. వాళ్లు ఆ గుడ్డను కట్టుకోలేదు. సన్నని పేలికలుగా చింపి తలకు, మెడకు, నడుముకు చుట్టుకుని అలంకారం చేసుకున్నారు. మార్కో పోలో కథనంలోని నికోబారీల్లాగే, గుడ్డతో ఏం చేయాలో తామే నిర్ణయించుకున్నారు. 1997 చివర నుంచి వాళ్లు అండమాన్ ట్రంక్ రోడ్డు మీదికి రావడం మొదలయ్యాక వచ్చిన బట్ట వేరు. దారిన పోయేవాళ్లు సిగ్గుతోనో జాలితోనో ఇచ్చిన పాత చొక్కాలు, నిక్కర్లు అవి. 1999లో తట్టు వచ్చింది. తట్టు గాలిలో వస్తుంది, దాని నింద బట్ట మీద వేయకూడదు. కానీ ఉతకని, మార్చని చొక్కా ఒంటికి ఏం చేస్తుందో చెప్పడానికి కొత్త పరిశోధన అక్కర్లేదు. టెంపుల్ ఏనాడో రాసి పెట్టాడు. 2004లో ప్రకటించిన జారవా విధానం వాళ్ల జీవితంలో జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలంది. రోడ్డు మీద కారు ఆపి చొక్కా విసరడం కూడా జోక్యమేనని ఆ దారిన వెళ్లే ప్రతి పర్యాటకుడికీ చెప్పాలి.

పోర్ట్ బ్లెయిర్‌లో పాతబడ్డ బట్ట చివరికి మిగతా చెత్తతో కలిసి బ్రూక్షాబాద్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. ద్వీపంలో చెత్త పోయడానికి వేరే నేల దొరకడం కష్టం, ఎక్కువభాగం అడవి, చుట్టూ సముద్రం. విశాఖ, చెన్నై, కలకత్తాల నుంచి సరుకు తెచ్చే ఓడలు తిరుగు ప్రయాణంలో వచ్చినంత బరువుతో వెళ్లవు. పాతబట్టలను వేరుచేసి, మూటకట్టి, ఆ ఓడల్లోనే వెనక్కి పంపే ఏర్పాటు పురపాలక మండలి చేయగలదు. జి.బి. పంత్ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగం, రోగి ఏం కడుతున్నాడో, ఎన్నాళ్లకోసారి నీళ్లు వస్తున్నాయో, బట్ట ఎక్కడ ఆరవేస్తున్నాడో చీటీ మీద రాసుకోవడం మొదలుపెట్టొచ్చు. ఓ వానాకాలం మొత్తం అలా రాస్తే, టెంపుల్ తర్వాత ఈ దీవుల్లో బట్టకూ ఒంటికీ ఉన్న సంబంధం మీద పనికొచ్చే దస్త్రం ఒకటి తయారవుతుంది. ఈసారి దాన్ని మూసి పెట్టకుండా కుళాయి నీళ్ల లెక్క చూసే ఇంజనీరు బల్ల మీదికి పంపాలి.