స్పార్టినా ఆల్టర్నిఫ్లోరా

స్పార్టినా ఆల్టర్నిఫ్లోరా సముద్రతీరపు ఉప్పు చిత్తడి నేలలలో పెరిగే బహువార్షిక మొక్క. ఇది గడ్డి కుటుంబానికి (పోయేసి) చెందినది. ఉత్తర అమెరికాలోని అట్లాంటిక్, మెక్సికో సింధుశాఖ తీరాలు దీని జన్మస్థానం. ఇటీవలి వర్గీకరణలో దీనిని స్పోరోబోలస్ ఆల్టర్నిఫ్లోరస్ అని వ్యవహరిస్తున్నారు. చైనా తీరంలో ఇది దురాక్రమణ మొక్కగా మారి, అక్కడి చిత్తడి నేలల కర్బన చక్రాన్ని కూడా మార్చినది.

చైనాలో వ్యాప్తి

తీరపు కోతను అరికట్టడానికి, మేట వేయించి కొత్త నేలను పొందడానికి 1979లో ఈ మొక్కను అమెరికా నుండి చైనాకు తెచ్చారు. విత్తనాల ద్వారా, భూమిలోపలి కొమ్ముల ద్వారా ఇది వేగంగా వ్యాపించి, 50 వేల హెక్టార్లకు పైగా ఆక్రమించినది. యాంగ్‌ట్సీ నదీముఖంలోని చోంగ్‌మింగ్ దీవిలో స్థానిక తుంగ జాతి మొక్కలను, ఫ్రాగ్మైటిస్ గడ్డిని (ఇది కొల్లేటి కిక్కిసకు దగ్గరి బంధువు) వెనుకకు నెట్టివేసినది. 2003లో చైనా ప్రకటించిన 16 దురాక్రమణ జాతుల తొలి జాబితాలో దీని పేరు కలదు.

కర్బన నిల్వ

జొన్న, చెరకు వలె స్పార్టినా కూడా సి4 పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. ఏడాదిలో ఎక్కువకాలం పచ్చగా ఉండి అధికంగా కర్బనాన్ని గ్రహిస్తుంది. దీని దట్టమైన కాండాలు కెరటాల వేగాన్ని తగ్గించి ఒండ్రును నిలుపుతాయి. ఆక్సిజన్ అందని ఆ బురదలో వేళ్ళు, ఆకులు నెమ్మదిగా కుళ్ళుతాయి. అందువలన, మొక్కలు లేని బురద నేలతో పోల్చినపుడు, ఇది పెరిగిన చోట నేలలోని సేంద్రియ కర్బనం సాధారణంగా పెరుగుతుంది.

స్పార్టినాలో కర్బనం-13 ఐసోటోపు పాలు సి3 మొక్కయైన ఫ్రాగ్మైటిస్‌లో కంటే ఎక్కువ. ఈ తేడా ఆధారంగా నేలలోని కర్బనంలో ఎంత భాగం కొత్త మొక్క నుండి వచ్చినదో శాస్త్రజ్ఞులు లెక్కకడతారు.

మీథేన్ విడుదల

సముద్రపు నీటిలో సల్ఫేటు ఎక్కువ. దానిని వాడుకొనే బాక్టీరియా హైడ్రోజన్, ఎసిటేట్‌ల కోసం మీథేన్ ఉత్పత్తి చేసే సూక్ష్మజీవులతో పోటీపడి గెలుస్తాయి. అందుచేత ఉప్పు చిత్తడి నేలలలో సాధారణంగా మీథేన్ తక్కువగా పుడుతుంది. అయితే స్పార్టినా కణజాలం కుళ్ళినపుడు ట్రైమిథైలమైన్ వంటి పదార్థాలు ఏర్పడతాయి. వీటికి ఆ పోటీ లేనందున మీథేన్ ఉత్పత్తి పెరుగుతుంది. 100 ఏళ్ళ కాలానికి లెక్కిస్తే మీథేన్ భూతాపక శక్తి అదే బరువు గల కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 28 రెట్లు. కనుక నేలలో చేరిన కర్బనాన్ని మాత్రమే లెక్కించి ఈ మొక్కను వాతావరణానికి మేలుచేసేదిగా భావించరాదు.

నిర్మూలన

బురద నేలలను ఈ గడ్డి కప్పివేయడంతో వలస పక్షులు మేత మేసే చోటును కోల్పోతాయి. చోంగ్‌మింగ్‌లో గట్లు కట్టి, గడ్డిని కోసి, నీటిలో ముంచి నిర్మూలించారు. 2025 నాటికి 90 శాతానికి పైగా తొలగించే లక్ష్యంతో 2022లో జాతీయ ప్రణాళిక ప్రకటించబడినది. అయితే గడ్డిని తొలగించిన చోట వేళ్ళు కుళ్ళి, నేల కోతకు గురియైతే, నిల్వయైన కర్బనంలో కొంత తిరిగి బయటకు పోవచ్చును. అందుచేత తొలగింపుతో పాటు స్థానిక మొక్కలను పునరుద్ధరించడం కూడా ముఖ్యం.

ఇవి కూడా చూడండి

* మడ అడవులు
* కర్బన చక్రం
* చిత్తడి నేలలు